1.2 టెస్లా దగ్గరే కింక్ ఎందుకు కూలిపోతోంది?

ప్రశ్న:
సీజియం నికెల్ ఫ్లోరైడ్ స్పిన్ గొలుసును (చిన్న అయస్కాంతాల్లాంటి స్పిన్ల వరుస) క్లాసికల్ స్పిన్లతో, అంటే మామూలు బాణాలుగా తీసుకుని, సిమ్యులేట్ చేస్తున్నాను. పక్క పక్క స్పిన్లని ఒకే వైపు నిలిపే ఫెర్రోమాగ్నెటిక్ జె = 23.6 కెల్విన్ (ఒక్కో జంటకి ఒకసారే లెక్క), స్పిన్లని ఒక తలంలో పట్టి ఉంచే ఈజీ-ప్లేన్ అనైసోట్రపీ డి = 4.5 కెల్విన్, స్పిన్ పరిమాణం ఎస్ = 1, జి-ఫ్యాక్టర్ జి = 2.4. ఫీల్డ్ ఈజీ ప్లేన్‌లోనే ఉంది. 400 సైట్లు, పీరియాడిక్ బౌండరీ, నాలుగో ఆర్డర్ రుంగే-కుట్టా. టైమ్ యూనిట్ హెచ్‌బార్/జె, స్టెప్ 0.01. సైన్-గోర్డన్ సమీకరణం ఇచ్చే 2పై కింక్‌కి (స్పిన్లు తలంలో ఒక పూర్తి చుట్టు తిరిగే మెలిక) కాస్త నాయిస్ కలిపి, శక్తిని మెల్లగా తగ్గించే గిల్బర్ట్ డ్యాంపింగ్ 0.02 పెట్టి వదులుతున్నాను. 0.5 టెస్లా దగ్గర చక్కగా నిలబడుతుంది. 1.2 దగ్గర మాత్రం కింక్ నడుమ ఎస్-జడ్ (స్పిన్‌లో తలం బయటికి వచ్చే భాగం) ఉబ్బుతుంది, కింక్ పక్కకి జరుగుతుంది, చివరికి స్పిన్లన్నీ ఫీల్డ్ వైపు తిరిగిపోతాయి. స్టెప్ 0.002 చేసినా అంతే. కింక్ మరీ ఇరుకైపోయి లాటిస్ దెబ్బ కొడుతోందా?

జవాబు 1:
లాటిస్ కాదండీ. జీమన్ శక్తిని (జి × బోర్ మాగ్నెటాన్ × ఫీల్డ్) హెచ్ అందాం. కింక్ వెడల్పు జె·ఎస్/హెచ్‌కి వర్గమూలం. 1.2 టెస్లాకి హెచ్ 1.93 కెల్విన్, వెడల్పు దాదాపు 3.5 సైట్లు. అది చాలు.

అసలు సంగతి వేరు. సైన్-గోర్డన్‌లో 2పై మెలిక విడిపోదు, ఎందుకంటే అక్కడ ఉన్నది ఒక్క కోణమే. స్పిన్ తిరిగేది గోళం మీద. బంతి నడుముకి వేసిన రబ్బరు బ్యాండు పైకి జారి ఊడిపోయినట్టు, మెలిక ధ్రువం మీదుగా జారిపోగలదు. తలం బయటికి వచ్చే చిన్న కదలికలకి లీనియర్ ఆపరేటర్ రాస్తే, కింక్ దగ్గర 6 సెచ్-స్క్వేర్ (హైపర్బోలిక్ సెకెంట్ వర్గం) లోతున్న గుంట వస్తుంది. దాని అట్టడుగు స్థాయి సున్నా కిందికి దిగే హద్దు హెచ్ = 2·డి·ఎస్/3, అంటే అనైసోట్రపీ ఫీల్డ్‌లో మూడోవంతు. మీ అంకెలకి 3 కెల్విన్, 1.86 టెస్లా. కాబట్టి 1.2 దగ్గర కింక్ నిలబడాలి. నా అనుమానం మీ కోడ్‌లో డి వల్ల స్పిన్ మీద పడే టార్క్ మీద.

పరీక్ష సులువు. కింక్, నాయిస్, డ్యాంపింగ్ తీసేయండి. 0.5 టెస్లాలో స్పిన్లన్నిటినీ కలిపి ఒక డిగ్రీ వంచి వదలండి. మాగ్నాన్ (స్పిన్ తరంగం) గ్యాప్, అంటే దాని కనీస శక్తి, హెచ్·(హెచ్ + 2·డి·ఎస్)కి వర్గమూలం, 2.81 కెల్విన్. పీరియడ్ 53 యూనిట్లు రావాలి.

ప్రశ్న అడిగినవారు:
72 వచ్చింది!

జవాబు 1:
అయితే దొరికింది. శక్తిలో ఉన్నది డి·ఎస్-జడ్ వర్గం. డెరివేటివ్ తీస్తే 2·డి·ఎస్-జడ్. కోడ్‌లో ఆ 2 పోయింది. అంటే నిజంగా నడుస్తున్నది డి = 2.25తో, హద్దు 0.93 టెస్లాకి పడిపోయింది. 0.5 నిలబడి 1.2 కూలడానికి కారణం అదే. జె విషయంలోనూ ఒకసారి చూసుకోండి: జంట శక్తిని మైనస్ 2జె అని రాసే పేపర్లలో ఇదే పదార్థానికి జె 11.8 అని ఉంటుంది.

జవాబు 2:
రెండు హెచ్చరికలు. హద్దు దాటాక కూడా డ్యాంపింగ్ సున్నా పెడితే కింక్ వెంటనే కూలదు. దాన్ని చూసి స్థిరంగా ఉందనుకోకండి. అప్పటికి అది శక్తి కనిష్ఠం కాదు, దాని ఎఫెక్టివ్ మాస్ నెగటివ్. కాస్త డ్యాంపింగ్ తగలగానే జారుతుంది.

కదిలే కింక్ కావాలంటే కోణం ఒక్కటే ఇస్తే చాలదు. ఎస్-జడ్ = హెచ్‌బార్ × (కోణం మారే రేటు)/(2·డి) కూడా ప్రతి సైట్‌లో పెట్టాలి; లేకపోతే కింక్ ఉన్నచోటే కంపిస్తూ మాగ్నాన్లు చిమ్ముతుంది. 0.5 టెస్లాలో వేగం సీలో (సైన్-గోర్డన్ కింక్ గరిష్ఠ వేగంలో) సగమైతే, నడుమ స్పిన్ అప్పటికే 20 డిగ్రీలు తలం బయట ఉంటుంది. సైన్-గోర్డన్ అక్కడికే అరకొర.

ప్రశ్న అడిగినవారు:
2 పెట్టాక పీరియడ్ 52.8. 1.2లో, 1.7లో నిలబడింది, 2.0లో కూలింది. మరి కొన్ని పేపర్లలో డి 9 కెల్విన్ అని ఉంది, అది పెట్టాలా?

జవాబు 2:
వద్దు. 9 క్వాంటమ్ హామిల్టోనియన్‌లోది. క్లాసికల్ స్పిన్‌కి మార్చేటప్పుడు 1 − 1/(2ఎస్)తో గుణించాలి; ఎస్ = 1కి సగం, అదే మీ 4.5. ఎస్ = 1/2 పెట్టి చూడండి, సున్నా వస్తుంది. అక్కడ ఎస్-జడ్ వర్గం ఎప్పుడూ 1/4 కాబట్టి ఆ టర్మ్‌కి అర్థమే లేదు. కాపర్ బెంజోయేట్ లాంటి ఎస్ = 1/2 యాంటీఫెర్రో గొలుసుల్లోనూ సైన్-గోర్డన్ వస్తుంది గానీ దారి వేరు: బోసనైజేషన్ (స్పిన్లని తరంగాల భాషలో రాసే క్వాంటమ్ పద్ధతి), స్టాగర్డ్ ఫీల్డ్ (సైటు సైటుకి దిశ తిరగబడే ఫీల్డ్), ఫీల్డ్‌కి 2/3 ఘాతంగా పెరిగే గ్యాప్. ఈ కోడ్ దానికి పనికిరాదు.