చర్చ: డెల్టాలో నీళ్లు, నేల ఉప్పెక్కడానికి రొయ్యల చెరువులే కారణమా?

వరిచేను_ఉండి:
మాది పశ్చిమ గోదావరి, ఉండి పక్కన ఊరు. నాకు సొంతంగా కొంచెం, కౌలుకు కొంచెం వరి ఉంది. ఇప్పుడు నా చేనుకు మూడు వైపులా రొయ్యల చెరువులే. వాటిలో ఒకాయన గట్టు పక్కన ఊటనీళ్లు పట్టే బోదె తవ్వలేదు. ఆ గట్టు వెంబడి తెల్లగా ఉప్పు పూస్తోంది, దాళ్వాలో (రెండో పంటలో) నాటిన మొక్క కొసల నుంచి ఎండిపోతోంది. ఊళ్లో మంచినీళ్ల చెరువు నీళ్లు నోట పెట్టుకోలేం, కూలి చేసుకునేవాళ్లు కూడా ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటున్నారు. పిల్లల పుస్తకంలో నీటి కాలుష్యం, నేల కాలుష్యం, గాలి కాలుష్యం అని వేరువేరు పాఠాలుంటాయి. మా ఊళ్లో ఒక్క చెరువు గట్టు మీద నిలబడితే మూడూ ఉన్నాయి. నీళ్లు ఉప్పు, నేల చౌడు, అడుగు బురద ఎత్తిపోస్తే వారం రోజులు కంపు. ఇక కొత్త చెరువులకు అనుమతి ఆపాలని నా వాదన. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

వనామి_భీమవరం:
నేను కాదంటున్నాను. డెల్టా నేల కింద ఉప్పునీళ్లు మా తాతల కాలం నుంచీ ఉన్నాయి, సముద్రం వదిలి వెళ్లిన నేల ఇది. ఎండాకాలం కాలువలు కట్టేస్తే, కొల్లేటి నీళ్లు సముద్రానికి పోయే ఉప్పుటేరులో ఆటుపోటుకు ఉప్పునీళ్లు పైకి ఎక్కుతాయి, దానికి నా చెరువు ఏం చేసింది? యనమదుర్రు డ్రైను ఒకసారి చూడండి, భీమవరం ఊరి మురుగంతా అందులోనే పడుతోంది. దాని గురించి ఒక్క మాట లేదు. నీళ్లు పాడైతే ముందు చచ్చేది నా రొయ్య. నీళ్లు శుభ్రంగా ఉండాలని నాకున్నంత టెన్షన్ మీకు ఉండదు. మీ చేను ఉప్పు నా వల్లే అయిందని ఏ పరీక్షలో తేలిందో కాగితం చూపించండి.

గుడివాడ_కుర్రాడు:
ఉప్పునీళ్లు తోడే బోరు వేయకుండా వనామి రొయ్య సాగు చేసేవాళ్లు మీ ఊళ్లో ఎంతమంది అన్నా? అది చెప్పండి ముందు.

వరిచేను_ఉండి:
కాగితం అక్కర్లేదండీ, గట్టు దగ్గరకు వస్తే చాలు. చెరువులో నీటిమట్టం నా చేను కన్నా ఎత్తులో ఉంటుంది. ఆ నీళ్లు నెలల తరబడి నిలబడే ఉంటాయి, వాటి బరువుకు ఊట పక్కకు దిగుతుంది. పైన ఎండకు తడి ఆవిరైపోతుంది, ఉప్పు నేల మీద మిగులుతుంది. గట్టుకు ఆనుకున్న నాలుగు మళ్లు పోయాయి, లోపలి మళ్లు బాగున్నాయి. సముద్రం వల్లే అయితే చేనంతా ఒకేలా పోవాలి కదా, గట్టు వారనే ఎందుకు పోయింది? దీనికి జవాబు చెప్పండి, యనమదుర్రు సంగతి తర్వాత.

వనామి_భీమవరం:
లోపలి మళ్లు పల్లమా మెరకా? మెరకైతే ఉప్పు తేలడం వేరుగా ఉంటుంది. అది చెప్పకుండా నన్ను అడిగితే ఎలా?

మట్టిల్యాబ్_పద్మ:
నేను మట్టి, నీటి పరీక్షలు చేసే చోట పని చేస్తాను. వరికి మట్టి ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 3 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది, 4 దాటిన నేలను చౌడు నేలగా లెక్కేస్తారు. గట్టు వార నుంచి లోపలికి పది పది అడుగులకు ఒక శాంపిల్ తీయండి. గట్టు దగ్గర ఎక్కువై లోపలికి పోయేకొద్దీ తగ్గుతూ వస్తే అది ఊట అనడానికి గట్టి ఆధారం.

తాగునీటికి వస్తే, డ్రైన్లలోకి ఊరి మురుగు పడేది నిజమే. రొయ్యలు పట్టేశాక చెరువు నీళ్లు, బురద, మేత మిగులు, వాడిన మందులు కూడా శుద్ధి లేకుండా అదే డ్రైనులోకి పోతాయి. కింది ఊరివాడు మళ్లీ ఆ డ్రైను నీళ్లే చెరువుకు తోడుకుంటాడు. తెల్ల మచ్చ, విబ్రియో లాంటి రొయ్య జబ్బులు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పాకే దారుల్లో ఇదొకటి. కాబట్టి నీళ్లు పాడైతే ముందు నష్టపోయేది రొయ్య రైతే అన్నది కాలుష్యం ఆపడానికి కారణం కావాలి, వదిలేయడానికి కాదు.

చట్టం మాట కూడా చెబుతాను. 1996లో సుప్రీంకోర్టు పంట పొలాలను రొయ్యల చెరువులుగా మార్చకూడదని చెప్పింది. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. అది తీరం నుంచి, ఉప్పునీటి ఏర్ల నుంచి రెండు కిలోమీటర్ల లోపల ఉన్నవాటినే చూస్తుంది. మీ ఇద్దరి ఊళ్లూ దాని పరిధిలో ఉన్నాయో లేవో ముందు తేల్చుకోండి.

వనామి_భీమవరం:
రెండు కిలోమీటర్లు అంటున్నారు, ఎక్కడి నుంచి కొలుస్తారు? ఉప్పుటేరు నుంచా, దానిలో కలిసే డ్రైను నుంచా? డ్రైను నుంచి కొలిస్తే జిల్లాలో సగం వస్తుంది.

కొల్లేటి_గట్టు:
ఈ గొడవలో మేం ఎక్కడున్నాం? మాది కొల్లేరు సరస్సులో లంక గ్రామం. విజయవాడ వైపు నుంచి బుడమేరు, ఏలూరు నుంచి తమ్మిలేరు, ఈ రెండూ మా కొల్లేటిలోకే. ఊళ్ల మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు, పొలాల యూరియా, పురుగుమందులు, చెరువుల బురద, అన్నీ మా దగ్గర ఆగి మెల్లగా ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోవాలి. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద చిత్తడి నేలల్లో చేర్చారు, 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. పెద్దోళ్ల గట్లు మళ్లీ లేచాయి. వల వేసుకుని బతికేవాడికి ఏం మిగిలింది? చేపల చెరువుల్లోకి కోళ్ల వ్యర్థాలు లారీల్లో వస్తాయి, ఆ కంపుకు అన్నం తినలేం. మీరిద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు బాబూ, మాకు ఇద్దరి నీళ్లూ వస్తున్నాయి.

వనామి_భీమవరం:
పెద్దాయన మంచి మాట అన్నారు, పురుగుమందులు. వరిచేను గారు దాని మీద నోరు విప్పరు. మూడేళ్ల కింద ఎగువ పొలంలో వరికి పట్టిన దోమకు మందు కొట్టి, మర్నాడు ఆ నీళ్లు బోదెలోకి వదిలారు. నేను తెలియక చెరువుకు తోడాను. తెల్లారేసరికి రొయ్య అంతా వారకు వచ్చి చచ్చింది. అప్పుడు నాకు నష్టపరిహారం ఎవరిచ్చారు? పురుగును చంపే మందు రొయ్యను కూడా చంపుతుందని అందరికీ తెలుసు. అయినా వరి అంటే పుణ్యం, రొయ్య అంటే పాపం. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వరే మానేశారు. గిట్టుబాటు లేక, డ్రైన్లు పూడిపోయి చేలు మునిగి. మా నాన్న వరి వేసి వేసి అప్పులోనే పోయాడు. అప్పుడు పర్యావరణం అన్నవాడు ఒక్కడు మా ఇంటికి రాలేదు. ఈ మాత్రం నేను నిలబడితే అందరికీ నా చెరువే కనబడుతోంది.

గుడివాడ_కుర్రాడు:
మీ నాన్న సంగతికి, వరిచేను గారి చేనులో ఉప్పుకు సంబంధం ఏంటి?

వనామి_భీమవరం:
సంబంధం ఉంది. వరి వేసుకో అని చెప్పేవాడు ఆ అప్పు కూడా పంచుకోవాలి.

వరిచేను_ఉండి:
సరే, మీరు అంత దూరం వచ్చారు కాబట్టి నేనూ చెబుతాను. నా బాధ ఉప్పు ఒక్కటే కాదు. నేను కౌలుకు చేసే ఎకరాల యజమాని హైదరాబాదులో ఉంటాడు. మా నాన్న చేసిన చేను అది. పోయిన సంవత్సరం ఫోన్ చేసి, చెరువుకు ఇస్తే వరి కౌలుకు రెండింతల పైనే వస్తోంది, నువ్వు అంత ఇస్తావా అన్నాడు. ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వను? చుట్టూ తవ్వేశాక ఊటకు నా పంట తగ్గింది, పంట తగ్గింది కాబట్టి కౌలు పెంచలేను, కౌలు పెంచలేను కాబట్టి ఆ చేను కూడా చెరువే అవుతుంది. నన్ను ఎవరూ పొమ్మనలేదు, ఉండనివ్వడం లేదు అంతే. చెరువులు తవ్వినవాళ్లు నా మొహం మీద చెప్పాల్సింది ఇది, యనమదుర్రు కబుర్లు కాదు.

వనామి_భీమవరం:
నాదీ లీజేనండీ. చెరువు నాది కాదు. యజమాని నాకూ ఫోన్ చేస్తాడు, పంట పోయినా లీజు కట్టమంటాడు. 2025లో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు రొయ్య ధర పడిపోయింది, లీజు ఒక్క రూపాయి తగ్గలేదు. ఊట బోదె తవ్వాలంటే గట్టు నుంచి కొంత నేల వదలాలి, నేల తగ్గితే లీజు తగ్గించమంటే ఒప్పుకోడు. నా డబ్బు పెట్టి ఆయన నేలలో తవ్వి, రెండేళ్లకు ఇంకొకడికి వదిలి వెళ్లాలా?

సీత_కాళ్ల_మండలం:
మా అమ్మ నాట్లకు, కోతలకు వెళ్లేది. చెరువులు వచ్చాక ఆడవాళ్లకు పని లేదు. రాత్రి చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకోవడానికి, మేత వేయడానికి ఒకరిద్దరు మగవాళ్లు చాలు. ఇప్పుడు మా అమ్మ రొయ్యల పొట్టు తీసే షెడ్డుకు ఆటోలో వెళ్తోంది, ఐసు నీళ్లలో నిలబడి చేతులు పగిలిపోయాయి. మీరిద్దరూ కౌలు గురించి మాట్లాడుతున్నారు. నీళ్ల టిన్ను కొనేది మేం.

మట్టిల్యాబ్_పద్మ:
ఇప్పటికి అసలు విషయానికి వచ్చారు. నా మాట వింటే ఇద్దరూ కలిసి గ్రామసభలో దరఖాస్తు పెట్టండి. గట్టు వార శాంపిళ్లు నేనే తీసి పరీక్ష చేయించి పెడతాను. ఊట బోదె, నీళ్లు వదిలేముందు బురద దిగడానికి ఒక చిన్న గుంట, ఈ రెండూ లేని చెరువుకు లీజు చెల్లదని అడగండి. ఖర్చు భూమి యజమానిది అని రాయండి.

వరిచేను_ఉండి:
నేను సంతకం పెడతాను. కానీ కొత్త చెరువులు ఆపాలన్న మాట కూడా అందులో ఉండాలి. అది లేకుండా పెట్టను.

వనామి_భీమవరం:
అది ఉంటే నేను పెట్టను. ఖర్చు యజమానిది అన్నంతవరకే అయితే రేపే వస్తాను.

సీత_కాళ్ల_మండలం:
మంచినీళ్ల చెరువు పక్కన ఉన్నవాటి సంగతి అందులో ముందు రాయండి. మిగతావి ఆ తర్వాత కొట్టుకోండి.