బంగారం ధర పెరిగిన ఏడాది గని కంపెనీ యాజమాన్యం పనితనాన్ని ఎలా కొలవాలి?

ప్రశ్న: రాయగడ నుంచి

అందరికీ నమస్కారం. మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇప్పుడు రైసు మిల్లులకు, ఎరువుల దుకాణాలకు పద్దులు రాస్తున్నాను. గనుల లెక్కలు ఎప్పుడూ చూడలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా నాన్నగారు రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. 2025లో 10 గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటిన వారంలో అమ్మతో, “ఇక నగలు కొనలేం, గనిలోనే కాస్త వాటా కొందాం” అన్నారు. గ్రాట్యుటీ డబ్బులో కొంత తీసి ఒక బంగారు గని కంపెనీ షేర్లు కొన్నారు. అంతకు ముందు నెలే మన కొరాపుట్, నవరంగపూర్ జిల్లాల్లోనూ బంగారు నిక్షేపాలు ఉన్నాయని గనుల మంత్రి శాసనసభలో చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. అప్పటి నుంచి మా వీధిలో ఎవరి నోట విన్నా బంగారం మాటే.

ఇప్పుడు కంపెనీ వార్షిక నివేదిక వచ్చింది. లాభం దాదాపు రెట్టింపు. ఛైర్మన్ లేఖలో “దూరదృష్టి గల నాయకత్వం” అన్న మాట మూడు చోట్ల ఉంది. మేనేజింగ్ డైరెక్టర్ జీతభత్యాలు బాగా పెరిగాయి. వెనక పేజీల్లోకి వెళ్తే మాత్రం తీసిన బంగారం కిలోల్లో తగ్గింది. టన్ను రాయికి వచ్చే గ్రాములు తగ్గాయి. గని లోపల కొత్త దారులు తవ్వడానికి పెట్టిన ఖర్చూ తగ్గింది.

“లాభం వచ్చింది కదా, నీకెందుకు అనుమానం?” అంటున్నారు నాన్నగారు. మిల్లు పద్దుల్లో అయితే ధాన్యం తక్కువ ఆడించి లాభం ఎక్కువ చూపిస్తే నేను ఊరుకోను. ఇక్కడ ఏది చూసి అడగాలో తెలియడం లేదు. ధర ఇచ్చిన లాభం ఎంత, యాజమాన్యం సంపాదించిన లాభం ఎంత అన్నది ఎలా విడదీయాలి? తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: బరంపురం నుంచి

అమ్మా, మీ అనుమానం నూటికి నూరుపాళ్లు సరైనది. నేను కర్ణాటక వైపు ఒక బంగారు గనిలో 31 ఏళ్లు ఆర్థిక విభాగంలో పనిచేసి, రిటైరయ్యాక సొంత ఊరు బరంపురం వచ్చేశాను. కంపెనీ పేరు చెప్పను.

ముందు ఒక లెక్క వేయండి. ఈ ఏడాది అమ్మిన బంగారాన్ని నిరుటి సగటు ధరకు కట్టండి. ఖర్చులు మాత్రం ఈ ఏడాదివే ఉంచండి. అప్పుడు మిగిలే లాభాన్ని నిరుటి లాభం పక్కన పెట్టండి. పెరిగి ఉంటే ఆ పెరుగుదల యాజమాన్యానిది. తగ్గి ఉంటే, ధర లేకపోతే ఈ ఏడాది వాళ్లు వెనకబడేవారని అర్థం. పది నిమిషాల పని. ఈ లెక్కను నివేదికలో వాళ్లంతట వాళ్లే వేసి చూపించే కంపెనీని నేను గౌరవిస్తాను.

తర్వాత గ్రేడు, అంటే మీరు చెప్పిన టన్నుకు గ్రాములు. దీన్ని కాగితం మీద అంకెగా చూస్తే దాని బరువు తెలియదు. నేను నెలాఖరు లెక్కలు సరిచూడటానికి పరీక్షశాలకు వెళ్లేవాణ్ణి. రాతిని పిండి చేసి 50 గ్రాములు తూచి, సీసపు ఆక్సైడు, సోడా, బోరాక్సు కలిపి మట్టి మూసలో వేసి కొలిమిలో కరిగిస్తారు. రాయి చిట్టెంగా పైకి తేలుతుంది. సీసం అడుగున చేరి బంగారాన్ని తనలోకి లాక్కుంటుంది. ఆ సీసపు ముద్దను ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి మళ్లీ కొలిమిలో ఉంచితే, సీసాన్ని గిన్నె పీల్చేస్తుంది. చివరకు ఒక పూస మిగులుతుంది. అందులోని వెండిని నత్రికామ్లంలో కరిగించేస్తే మిగిలేదే బంగారం. టన్నుకు 4 గ్రాముల రాయి అయితే ఆ 50 గ్రాముల పిండిలో ఉండేది 0.2 మిల్లీగ్రాములు. ఇసుక రేణువంత. మొదటిసారి పరీక్షశాల ఉద్యోగి దాన్ని పట్టకారుతో ఎత్తి భూతద్దం కింద చూపించినప్పుడు ఊపిరి తగిలితే ఎగిరిపోతుందేమోనని వెనక్కి జరిగాను. వేలమంది జీతాలు, బ్యాంకు అప్పు, డివిడెండు, పైవారి బోనసు, అన్నీ ఆ రేణువు మీదే నిలబడి ఉన్నాయి.

ఉదాహరణకు టన్ను రాయి తవ్వి, మర పట్టి, బంగారం తీయడానికి 12,000 రూపాయలు అవుతుందనుకోండి. గ్రేడు 4, అందులో 90 శాతం చేతికొస్తే 3.6 గ్రాములు, గ్రాముకు ఖర్చు 3,333 రూపాయలు. గ్రేడు 3కి పడితే చేతికొచ్చేది 2.7 గ్రాములు, గ్రాముకు 4,444. ఒక్క మనిషి జీతం పెరగకుండా, ఒక్క లీటరు డీజిల్ ఎక్కువ కాలకుండా, ఖర్చు మూడో వంతు పెరిగిపోయింది. ఇంకొకటి కూడా అడగండి. భూమి లోపల నమూనాలను బట్టి ఇంత బంగారం రావాలి అన్న లెక్కకు, రాయిని పిండి చేసి బంగారం తీసే గని మిల్లులో నిజంగా తేలిన బంగారానికి మధ్య నిష్పత్తిని మైన్ కాల్ ఫ్యాక్టర్ అంటారు. అది ఏటేటా జారుతుంటే నమూనాల్లోనో, రవాణాలోనో, కాపలాలోనో తప్పు ఉందన్నమాట.

ఇక మీరు చివరన రాసిన మాట, కొత్త దారుల ఖర్చు తగ్గడం. నన్నడిగితే అదే అన్నిటికన్నా ముఖ్యం.

గనిలో ఇవాళ తీసే రాయికి దారి రెండు మూడేళ్ల ముందే తవ్వి ఉంటుంది. షాఫ్టు అనే నిలువు బావి నుంచి అడ్డంగా క్రాస్‌కట్లు, ఖనిజం వెంట డ్రైవులు, అక్కడి నుంచి ఖనిజం తీసే స్టోపులు. దారి తవ్వేటప్పుడు వచ్చేది చాలావరకు ఉత్త రాయి. అది ఆ ఏడాది లెక్కల్లో బరువే. మా దగ్గర ఆకుపచ్చ గుడ్డ అట్ట వేసిన రిజిస్టరు ఉండేది. నెలనెలా ఏ లెవెల్‌లో ఎన్ని మీటర్లు తవ్వారో ఎర్ర సిరాతో రాసేవారు. 2008 తర్వాత ధర ఎక్కుతున్న రోజుల్లో కొత్తగా వచ్చిన పై అధికారి మీటర్లు సగానికి తగ్గించమన్నారు, మంచి గ్రేడు ఉన్న స్టోపులను ముందు ఖాళీ చేయమన్నారు. రెండేళ్లు లాభాలు, సన్మానాలు. మూడో ఏడు మిల్లు పూట పూట ఆగిపోయింది, పెట్టడానికి రాయి లేక. అప్పటికి ఆయన ఇంకో చోటికి వెళ్లిపోయారు. నేను ఫైలులో అభ్యంతరం రాశాను. కానీ ఆ తర్వాతి బడ్జెట్ కాగితం మీద నా సంతకం కూడా ఉంది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ధర బాగున్న ఏడాది విత్తనాల గింజలు వండుకు తిన్నట్టు చేశాం మేము.

ధర ఎప్పుడు ఎటు పోతుందో చెప్పగలిగిన మేనేజింగ్ డైరెక్టరును నేను చూడలేదు. కోలార్‌లో లోతు 3 కిలోమీటర్లు దాటి, గ్రేడు పడిపోయి, ఖర్చు అమ్మకాన్ని మించిపోయి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పుడు ఔన్సు (సుమారు 31 గ్రాములు) బంగారం 270 డాలర్ల లోపే. పదేళ్లకు, 2011 సెప్టెంబరులో, 1,900 దాటింది.

ధరను ముందే కట్టేసుకుందాం అన్నవాళ్లూ దెబ్బతిన్నారు. మన వైపు జీడి తోటల్లో కాపు చెట్టు మీద ఉండగానే బేరం కుదుర్చుకోవడం మీకు తెలుసు. ఘనాలో అశాంటి గోల్డ్‌ఫీల్డ్స్ అలాంటి ముందస్తు ఒప్పందాలు లెక్కకు మించి చేసుకుంది. 1999 సెప్టెంబరు 26న ఐరోపా కేంద్ర బ్యాంకులు బంగారం అమ్మకాలకు హద్దు పెట్టుకున్నాయి. రెండు వారాల్లోపే ధర 320 డాలర్లు దాటింది. బంగారు గని కంపెనీకి బంగారం ధర పెరగడం పండగ కావాలి. కానీ ఒప్పందాల మీద నష్టం చూపి బ్యాంకులు హామీగా మార్జిన్ సొమ్ము అడిగాయి, కంపెనీ దగ్గర అంత లేదు. 2004లో ఆంగ్లోగోల్డ్‌లో కలిసిపోయింది.

ధర ఎక్కినప్పుడు చేసే తప్పులకు కెనడాలోని బ్యారిక్ కథ చూడండి. 2011లో ధర ఆకాశంలో ఉన్నప్పుడు 730 కోట్ల కెనడా డాలర్లకు ఈక్వినాక్స్ అనే రాగి కంపెనీని కొన్నారు. చిలీ, అర్జెంటీనా సరిహద్దు కొండల్లో పాస్కువా లామా గనికి ఖర్చు పెరుగుతూ పోయి, 2013లో పని ఆపేశారు. ఆ ఏడాదే ధర పడింది. సంవత్సరం నష్టం 1,000 కోట్ల డాలర్లకు పైగా. పై అధికారుల జీతాల మీద 2013 ఏప్రిల్‌లో వాటాదారుల అభిప్రాయం అడిగితే ఓట్లలో 85 శాతం వ్యతిరేకంగా పడ్డాయి. అదే జూన్‌లో ప్రపంచ స్వర్ణ మండలి ‘ఆల్ ఇన్ సస్టైనింగ్ కాస్ట్’ అనే కొలత తెచ్చింది. తవ్వకం ఖర్చు ఒక్కటే కాకుండా, గని ఇదే స్థాయిలో నడవడానికి కావలసిన దారులు, యంత్రాలు, కార్యాలయ ఖర్చు అన్నీ కలిపి ఔన్సుకు ఎంత అన్నది అందులో తెలుస్తుంది. మీ నివేదికలో అది ఉంటే ఐదేళ్లది వరసగా రాసుకోండి. ఒక్క జాగ్రత్త: ఉన్న గనికి పెట్టిన ఖర్చును ‘విస్తరణ’ ఖాతాలోకి జరిపితే ఈ అంకె అందంగా తగ్గిపోతుంది.

జవాబు: పర్లాకిమిడి నుంచి

నేను కంపెనీ సెక్రటరీని. జీతం సంగతి మాత్రం చెబుతాను. మన 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం ఒక మేనేజింగ్ డైరెక్టరు జీతభత్యాలకు హద్దు నికర లాభంలో 5 శాతం. దాటాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. హద్దు లాభానికి ముడిపడి ఉంది కాబట్టి, బంగారం ధర పెరిగితే ఆయన ఏమీ చేయకపోయినా ఆ హద్దు తనంతట తానే పైకి జరుగుతుంది. లిస్టెడ్ కంపెనీ అయితే ఆయన జీతం మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో బోర్డు నివేదికలో చెప్పి తీరాలి. ఆ పేజీ తీయండి. బోనసుకు కొలమానం ఏమిటో కూడా చూడండి. లాభం ఒక్కటేనా, గ్రేడు, భద్రత, నిల్వల భర్తీ (తవ్వినదానికి బదులు భూమిలో కొత్త ఖనిజం చూపడం) కూడా ఉన్నాయా?

జవాబు: బల్లార్షా నుంచి

బరంపురం పెద్దాయన మాటలు చదివి మనసు నిండింది. నేను చంద్రపూర్ జిల్లాలో బొగ్గు గనుల సర్వేయరును, మా తాతగారు మంచిర్యాల నుంచి వచ్చారు. ఒక్క చోట మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. గ్రేడు తగ్గినంత మాత్రాన తప్పు అనకూడదు. ధర పెరిగితే నిన్నటిదాకా గిట్టని పేద రాయి ఇవాళ గిట్టుతుంది. అంటే కటాఫ్ గ్రేడు, తవ్వితే గిట్టే కనీస గ్రేడు, దిగుతుంది. అప్పుడు పేద రాయిని కూడా కలిపి తీయడమే సరైన పని, గని ఆయుష్షు పెరుగుతుంది. ధర బాగున్నప్పుడు మంచి రాయినే ఏరుకుని తినేవారు, పేద రాయిని శాశ్వతంగా లోపల వదిలేస్తారు. కూలిపోయిన స్టోపులోకి మళ్లీ ఎవరూ వెళ్లలేరు. కాబట్టి గ్రేడు తగ్గడంతో పాటు మిల్లుకు పోసిన టన్నులు పెరిగాయా, నిల్వలు పెరిగాయా అన్నది చూడాలమ్మా.

జవాబు: బరంపురం నుంచి

సర్వేయరు గారు చెప్పింది నిజం. నేను తొందరలో వదిలేశాను. టన్నులు పెరిగి గ్రేడు తగ్గితే అది ఆలోచించి చేసిన పని. టన్నులు, గ్రేడు, దారుల మీటర్లు మూడూ తగ్గితే దానికి వేరే పేరు లేదు.

ప్రశ్న అడిగినవారు: రాయగడ నుంచి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి లెక్క వేశాను. నిరుటి ధరకు కడితే ఈ ఏడాది లాభం నిరుటికన్నా తక్కువ. మిల్లుకు పోసిన టన్నులు పెరగలేదు, కాస్త తగ్గాయి. నిల్వలు పెరిగాయని రాశారు గానీ, కింద చిన్న అక్షరాల్లో చూస్తే లెక్కకు తీసుకున్న బంగారం ధరను పెంచారు. కొత్తగా డ్రిల్లింగ్ చేసి కనుగొన్నది ఏమీ లేదు. బోనసుకు కొలమానం లాభం ఒక్కటే.

ఇవన్నీ వరండాలో కూర్చుని నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన గార్డుగా పనిచేసిన రోజుల్లో ప్రతి స్టేషనులో సమయం రాసుకున్న మనిషి. కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలి నుంచి కళ్లద్దాలు తెచ్చుకుని గ్రేడు పేజీ తనే చదివారు. షేర్లు అమ్మమని నేను అనలేదు, ఆయనా అనలేదు. వార్షిక సమావేశం వీడియోలో జరుగుతుందట, వాటాదారు ముందుగా పేరు నమోదు చేసుకుంటే ప్రశ్న అడగవచ్చట. ఆయన చెబుతుంటే నేను రాశాను: “గని లోపల కొత్త దారులకు నిరుడు ఎంత ఖర్చు పెట్టారు, ఈ ఏడాది ఎంత పెట్టారు, వచ్చే మూడేళ్లకు ఎంత అనుకుంటున్నారు?” ఇది చాలునా?

జవాబు: బరంపురం నుంచి

ఒక్క మార్పు చేయండమ్మా. రూపాయలు అడగవద్దు, మీటర్లు అడగండి. రాయి ఎత్తే కొత్త లోడరు యంత్రం ఒకటి కొన్నా ఆ ఖాతాలో రూపాయలు పెరుగుతాయి. ఏ లెవెల్‌లో ఎన్ని మీటర్లు అని విడివిడిగా చెప్పమనండి. ఆ రిజిస్టరు ప్రతి గనిలోనూ ఉంటుంది.