సెరమైడ్ కొలతల కోసం లిపిడోమిక్స్ ఉమ్మడి ప్రయోగశాలకు నమూనాలు ఇచ్చే ముందు ఏమి చూసుకోవాలి?

ప్రశ్న (కణజాలం):
నమస్కారం. చార్లెస్టన్‌లోని మెడికల్ యూనివర్సిటీ ఆఫ్ సౌత్ కరోలినాలో, తల, మెడ క్యాన్సర్ మీద పనిచేసే ల్యాబ్‌లో ఇటీవలే చేరాను. ఇక్కడి హోలింగ్స్ క్యాన్సర్ సెంటర్‌కు లిపిడ్లను, అంటే కొవ్వు పదార్థాలను, కొలిచే ఉమ్మడి ప్రయోగశాల (లిపిడోమిక్స్) ఉంది. ఏ ల్యాబ్‌కు ఆ ల్యాబ్ మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువులను బరువును బట్టి గుర్తించే యంత్రం) కొనుక్కోనక్కరలేకుండా, నమూనాలు అప్పగిస్తే అక్కడివారే కొలిచి ఇస్తారు. శస్త్రచికిత్సలో తీసిన కణితి ముక్కలు, అదే రోగుల ఆరోగ్యకరమైన కణజాలం, వారి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) మా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉన్నాయి. కణపొరల్లో ఉండే సెరమైడ్ అనే లిపిడ్ మొత్తం ఎంతుందో తెలిస్తే చాలునా, ఒక్కో రకాన్నీ విడిగా అడగాలా? సీరంలో దాని బంధువైన మరో లిపిడ్, స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ కొలిపించవచ్చునా? అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు (ద్రావణి):
విడిగానే అడగండి. మీరు ఎంచుకున్న క్యాన్సర్‌లో ఈ తేడాకు ఎంతో ప్రాధాన్యం ఉంది. సెరమైడ్ కణాన్ని మరణం వైపు నడిపిస్తుందని 1993లో లీనా ఒబీద్, యూసుఫ్ హన్నున్ బృందం చూపింది. తర్వాత చాలా ఏళ్లు ఆ ఇద్దరూ మీ విశ్వవిద్యాలయంలోనే పనిచేసి, స్ఫింగోలిపిడ్ల (సెరమైడ్ చెందిన లిపిడ్ల కుటుంబం) అధ్యయనానికి అక్కడ గట్టి పునాది వేశారు. అయితే క్షీరదాలలో సెరమైడ్ తయారుచేసే ఎంజైములు ఆరు ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో పొడవున్న ఫ్యాటీ ఆమ్లాన్ని ఇష్టపడుతుంది. బేసిమ్ ఒగ్రెట్మెన్ బృందం తల, మెడ కణితుల్లో 18 కార్బన్ల ఫ్యాటీ ఆమ్లమున్న సెరమైడ్ తగ్గి ఉంటుందని 2004లో ప్రచురించింది. ఆ రకం పెరిగితే కణాలు చనిపోతాయనీ, 16 కార్బన్ల రకం అదే కణాలను కాపాడుతుందనీ వారి తదుపరి పనిలో తేలింది. ఒకటి తగ్గి మరొకటి పెరిగినప్పుడు రెంటినీ కలిపి ఒకే అంకెగా రాస్తే, కణితిలో జరిగిన మార్పు ఆ మొత్తంలో కనిపించకుండా పోతుంది. కాబట్టి మీ గైడ్ మొత్తం చాలన్నా, మర్యాదగానే పట్టుబట్టండి. ఒకే ఇంజెక్షన్‌లో ఈ రకాలన్నీ వస్తాయి కనుక అదనపు శ్రమ కూడా పెద్దగా ఉండదు.

ఇంకొక సంగతి. గ్లూకోజు చేరిన సెరమైడ్‌కూ గెలాక్టోజు చేరినదానికీ బరువు ఒక్కటే. మామూలు పద్ధతిలో రెండూ కలిసిపోయి హెక్సోసిల్‌సెరమైడ్ అన్న ఒకే వరుసలో కనిపిస్తాయి. మీ పరికల్పన వీటిలో ఏదో ఒకదానిపై ఆధారపడి ఉంటే, యంత్రంలోకి వెళ్లేముందే వాటిని వేరుచేసే కాలమ్ (లిపిడ్లను విడదీసే గొట్టం) వాడమని ముందే అడగాలి.

జవాబు (రక్తనాళం):
సీరం విషయంలో మాత్రం నేను వద్దంటాను. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమలో నిల్వ ఉన్న స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్‌ను విడుదల చేస్తాయి. అందుకే సీరంలో దాని స్థాయి, గడ్డకట్టనివ్వకుండా వేరుచేసిన ద్రవమైన ప్లాస్మాలో కంటే ఎక్కువగా ఉంటుంది. అందులో ఎంత భాగం రోగి ఒంట్లో తిరుగుతున్నది, ఎంత భాగం గొట్టంలో పుట్టింది అన్నది తర్వాత ఎవరూ విడదీయలేరు. ఇకమీదట తీసే రక్తాన్ని గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉన్న గొట్టాల్లో తీసుకుని, ఆలస్యం చేయకుండా ప్లాస్మా వేరుచేయండి. ఎర్ర రక్తకణాలలోనూ ఈ లిపిడ్ సమృద్ధిగా ఉంటుంది కనుక గులాబీ రంగు తిరిగిన ప్లాస్మాను పక్కన పెట్టండి. కణితి ముక్కకు అంటిన రక్తాన్ని కూడా ఫ్రీజర్‌లో పెట్టే ముందే చల్లని పీబీఎస్‌తో (ఫాస్ఫేట్ ఉన్న ఉప్పు ద్రావణం) కడగడం మంచిది.

ప్రశ్నించినవారు (కణజాలం):
ఇద్దరికీ ధన్యవాదాలు. కొన్ని ముక్కలను ప్రోటీన్ పరీక్షల కోసం ట్రైటాన్ అనే డిటర్జెంట్ ఉన్న బఫర్‌లో ఇప్పటికే నూరి పెట్టారు. వాటిని వాడవచ్చునా? అంకెలను మిల్లీగ్రాము ప్రోటీనుకు లెక్కించాలా, లిపిడ్ ఫాస్ఫేటుకు లెక్కించాలా?

జవాబు (ద్రావణి):
వాటిని వాడకండి. డిటర్జెంట్ లిపిడ్లతోపాటే ద్రావణిలోకి వచ్చి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో వాటి సంకేతాన్ని అణచివేస్తుంది. పైగా యంత్రాన్ని వీడకుండా, మీ తర్వాత వరుసలో ఉన్న ల్యాబుల కొలతలను కూడా చెడగొడుతుంది. పదిమంది వాడుకునే చోట ఇది చిన్న విషయం కాదు.

లెక్కింపుకు నా ఓటు లిపిడ్ ఫాస్ఫేటుకే. కణితి ముక్కల్లో నారపదార్థం ఎంతుంటుందో ఒక్కో రోగికి మారుతుంది, దానితో ప్రోటీన్ అంకె కూడా మారుతుంది. ఫాస్ఫేట్ అయితే కణపొరల పరిమాణాన్ని సూచిస్తుంది. లిపిడ్లను వెలికితీసే 1959 నాటి బ్లై, డయ్యర్ పద్ధతిలో క్లోరోఫాం పొర అడుగున, నీటి పొర పైన నిలుస్తాయి. పీబీఎస్‌లోని ఫాస్ఫేట్ అంతా పై పొరలో ఉంటుంది కనుక, పిపెట్ మొన అడుగుకు దించి కింది పొరను మాత్రమే తీయాలి. మధ్యన తెల్లగా పేరుకున్న ప్రోటీన్ పొర దాకా మొత్తం లాగేయాలని ఆశపడితే ఫాస్ఫేట్ అంకె అబద్ధమవుతుంది. గాజు గొట్టాలు, టెఫ్లాన్ మూతలు వాడండి. క్లోరోఫాం ప్లాస్టిక్‌లోని పదార్థాలను కరిగించి తెస్తుంది.

జవాబు (గణన):
ఆలస్యంగా చూశాను, ఒక్క మాట చేరుస్తాను. కణితులన్నీ ఒకరోజు, ఆరోగ్యకరమైనవన్నీ మరొకరోజు నడిచేలా జాబితా ఇవ్వకండి. యంత్రం ఆ రోజు కాస్త మందగించినా అది క్యాన్సర్ తేడాగా కనిపిస్తుంది. ఒకే రోగి జంటను ఒకే విడతలో ఉంచి, వరుసను కలగలపండి. అన్ని నమూనాల నుంచీ కొద్దికొద్దిగా తీసి కలిపిన మిశ్రమాన్ని మధ్యమధ్యలో నడపమని అడగండి. ఇంటర్నల్ స్టాండర్డ్‌ను (పోలిక కోసం తెలిసిన మోతాదులో కలిపే లిపిడ్) వారు ద్రావణి పోయకముందే కలుపుతారో లేదో కూడా తెలుసుకోండి. తర్వాత కలిపితే వెలికితీతలో పోయిన లిపిడ్ లెక్కలోకి రాదు. ఈ విషయాలన్నీ నమూనాల పెట్టెతో వెళ్లినప్పుడు కాకుండా, అంతకు ముందే ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి.