సమస్య: "సగము పోయెను గాని లేశమ్ము పోదు"

నిర్వాహకుడు:
నా సీడీలన్నీ ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించిన డిస్కుల పెట్టె అయిన నాస్‌లోకి ఎక్కిస్తుంటే ఈ పాదం తట్టింది. పూరణ ఇంట్లో పాటల నిల్వ మీదో, స్ట్రీమింగ్ మీదో ఉండాలి. పురాణాల్లోకి వెళ్లొద్దు.

శ్రుతిపెట్టె:
వేవు ఫైలును ఫ్లాకుగా వేగ మార్చి
సైజు చూడగ నాకెంతొ సంతసమ్ము
విప్పి పోల్చినఁ బ్రతి బిట్టు వెంట వచ్చె
సగము పోయెను గాని లేశమ్ము పోదు

గంట నిడివి సీడీ వేవ్‌గా ఉంటే 635 ఎంబీ. ధ్వనిలో ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్ చేస్తే దాదాపు సగానికి దిగింది. మూడో పాదం ఊరికే రాయలేదు, నిజంగానే విప్పి పోల్చి చూశాను.

మేళకర్త:
పద్యం సాఫీగా ఉంది అన్నా, కాదనను. కానీ "ఫైలును ఫ్లాకుగా" దగ్గర ఆగిపోయాను. 'ఫ్లా' ముందున్న 'ను' గురువా, లఘువా?

గణపరీక్ష:
వేరే పదం కాబట్టి లఘువే. గురువని పట్టుబట్టినా భగణం రగణమవుతుంది, రెండూ ఇంద్రగణాలే. ఆ పాదానికి ఏ దెబ్బా లేదు. నా అభ్యంతరం 'సగము' మీద. ఒక్క వాద్యం మెల్లగా నడిచేవి సగానికన్నా కిందికి కూడా వస్తాయి, మొదటి నుంచి చివరిదాకా హోరెత్తేలా మాస్టరింగ్ చేసినవి అంత తగ్గవు. పద్యానికి సరే, డిస్కు కొనేవాళ్లు మాత్రం సగం లెక్క వేసుకోవద్దు.

మేళకర్త:
నా పూరణ.

జంట డిస్కుల నాసులో జతగ నుంచ
ఒకటి చప్పుడు చేయుచు నూపిరాపె
పాటలు రెండవ దానిలోఁ బదిలముండె
సగము పోయెను గాని లేశమ్ము పోదు

శ్రుతిపెట్టె:
'ఒకటి'కి 'నూపిరి'తో స్వరయతి బాగా కుదిరింది, చాలా నచ్చింది. కానీ మూడో పాదం చూడు తమ్ముడూ. తేటగీతి పాదానికి మొదట సూర్యగణం రావాలి, "పాటలు" భగణం. ఒక లఘువు ఎక్కువైంది. నా 'ను' దగ్గర అంతసేపు ఆగినవాడివి ఇది ఎలా వదిలేశావు?

మేళకర్త:
ఒప్పుకుంటున్నాను, "పాట రెండవ దానిలో" అని చదువుకోండి. కానీ లఘువు లెక్క చెప్పే అన్న, ఎనిమిదో స్థాయిలో కుదించిన ఫ్లాక్ ఐదో స్థాయి కన్నా తీయగా వినిపిస్తుందని పోయిన నెల పూరణలో రాశాడు. దాన్ని ఎవరూ పట్టుకోలేదు, నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. 0 నుంచి 8 దాకా ఏ స్థాయిలో కుదించినా విప్పితే వచ్చేది ఒకే ధ్వని. మారేది ఫైలు సైజూ, కుదించడానికి పట్టే సమయమూ. యతి కోసం అబద్ధం రాయకూడదు.

శ్రుతిపెట్టె:
ఆ పద్యంలో నాది తప్పే. ఆ తర్వాతే ఒకే పాటను రెండు స్థాయిల్లో చేసి ఎండీ5 (డేటాకు వేలిముద్ర లాంటి సంఖ్య) చూశాను. అసలు ధ్వని ఎండీ5ని ఫ్లాక్ తన ఫైలు మొదట్లోనే రాసి పెట్టుకుంటుంది, రెండింటిలోనూ ఒకటే ఉంది. ఇవాళ్టి మూడో పాదం అక్కడి నుంచే వచ్చింది. మరి ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ రాసే నీ జంట డిస్కుల సంగతి? డిస్కు చస్తే పాట మిగులుతుంది, నిజమే. పొరపాటున ఫోల్డర్ చెరిపేస్తే రెండింట్లోనూ అదే క్షణం పోతుంది. అప్పుడు నీ నాలుగో పాదం నిలబడదు.

మేళకర్త:
నాకు జరిగిందే అది. రెండు డిస్కులున్నాయన్న ధీమాతో వేరే కాపీ పెట్టుకోలేదు, ఒక రాత్రి ఫోల్డర్ పేరు మార్చబోయి చెరిపేశాను. సీడీలు ఉన్నాయి కాబట్టి మళ్లీ ఎక్కించుకున్నాను. ఇప్పుడు విడిగా ఒక డిస్కు ఉంది, నెలకోసారి కాపీ చేసి తీసి పక్కన పెడతాను.

తుంబుర:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి.

నాసు లోనికి వైఫైన నన్ని పాట
లంప మొదలిడి కూర్చుండి యలసినాను
తీగ వేయక పోతి నా దీర్ఘరాత్రి
సగము పోయెను గాని లేశమ్ము పోదు

గణపరీక్ష:
అబ్బ! మనమంతా 'పోదు' అంటే నష్టం కాదనే పట్టుకుని కూర్చున్నాం. ఈయన దాన్ని 'కదలదు' చేశాడు, 'సగము'ను రాత్రికి అంటించాడు. అదీ విరుపు!

నిర్వాహకుడు:
ఈ వారం తాంబూలం తుంబురకే. 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ స్టీరియో, కుదించకుండా పంపినా సెకనుకు 9.2 మెగాబిట్లే, వినడానికి మంచి వైఫై చాలు. వేల పాటలు ఒకేసారి ఎక్కించేటప్పుడే తీగ కావాలి. ఆ తేడా తెలిసి రాసిన పద్యం.

తుంబుర:
ధన్యవాదాలు. తెల్లారి తీగ వేశాను, గిగాబిట్ మీద సెకనుకు 110 ఎంబీ దాకా వెళ్లింది.

మేళకర్త:
నిజంగా గొప్ప పూరణ. విడి కాపీ మీద ఈసారి నేను కందం రాస్తాను, శ్రుతిపెట్టె అన్న తప్పు పట్టాలి.

శ్రుతిపెట్టె:
తప్పకుండా పడతాను. ముందు పైన "పాటలు" దిద్దు, ఇంకా అలాగే ఉంది.