అప్‌డేట్: మియాటాకి టైర్లు పడ్డాయి

మొన్న అడిగాను కదా, డాలస్‌లో నా మజ్దా మియాటా కారుకి (టైరు సైజు 205/45 ఆర్17) సమ్మర్ టైర్లా, ఆల్ సీజనా అని. చివరికి కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02 అనే సమ్మర్ టైర్లే వేయించాను. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4కి ట్రెడ్‌వేర్ (అరగకుండా ఎంత మన్నుతుందో చెప్పే అంకె) 540, దీనికి 340. తొందరగా అరుగుతుందని తెలిసే తీసుకున్నా. వారాంతాల్లో తీసే బండి, అరిగేలోపు రబ్బరే ముసలిదైపోయేలా ఉంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగితే సమ్మర్ టైర్లకి పట్టు తగ్గుతుందన్నారు, నిజమే. ఆ రోజుల్లో మా ఆవిడ కారు ఉండనే ఉంది (ఆవిడకింకా చెప్పలేదు).

సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద తయారీ తేదీ చూడమన్నవాళ్లకి దండం! మూడు కొత్తవే గానీ నాలుగోదాని మీద 1422 అని ఉంది, అంటే 2022లో 14వ వారం సరుకు. గొడవపడకుండానే మార్చి ఇచ్చారు.

ఇంటికొస్తుంటే ప్రతి గతుకూ నడుముకి తగిలింది. టైర్లనే తిట్టుకున్నా. తీరా గాలి చూస్తే 38 పీఎస్‌ఐ కొట్టారు, డోర్ దగ్గర స్టిక్కర్ మీద 29 ఉంది. టైర్లు చల్లారాక గాలి దించాను, ఇప్పుడు హాయిగా ఉంది. వానలో ఇంకా నడపలేదు.