అప్‌డేట్: మొదటి సెషన్ తర్వాత పిల్లలు మళ్లీ రాకపోవడం – కారణం తెలిసింది

మా కౌన్సెలింగ్ సెంటర్‌కు ఒకసారి వచ్చిన టీనేజర్లు రెండోసారి రావడం లేదని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పని చేసింది గోప్యత గురించిన సలహా. మా పనితీరు చూసిన సీనియర్ సైకాలజిస్టు కూడా అదే తేల్చారు: చెప్పింది ఇంట్లో తెలిసిపోతుందన్న భయమే పిల్లల్ని ఆపుతోంది. ఇప్పుడు మొదటి 5 నిమిషాల్లోనే, తల్లిదండ్రులు కూడా వింటుండగా ఇలా చెబుతున్నాం: "నువ్వు చెప్పింది బయటికి పోదు. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నా, నిన్నెవరైనా హింసిస్తున్నా మాత్రం చెప్పక తప్పదు. అప్పుడు కూడా వీలైనంతవరకు ముందు నీతోనే మాట్లాడతాం." ఆ తర్వాతే పెద్దవాళ్లను బయట కూర్చోమంటాం. అపాయింట్‌మెంట్ మెసేజ్ పిల్లలు సరేనన్న నంబరుకే పంపుతాం, అందులో కౌన్సెలింగ్ అన్న మాట ఉండదు.

డిప్రెషన్ లక్షణాలను 9 ప్రశ్నలతో అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ఫారం మానలేదు, కాస్త మాట కలిశాక ఇస్తున్నాం. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి: మొత్తం స్కోరు 10 లోపే, అంటే తక్కువగానే ఉందని ఊరుకోకండి. చావు, స్వీయహాని ఆలోచనల గురించి అడిగే 9వ ప్రశ్నకు 0 కాక మరేది పెట్టినా, అదే రోజు విడిగా కూర్చుని అడగాలి.

పోస్టర్లు, గది అలంకరణ మార్చడం వల్ల తేడా ఏమీ రాలేదు.