అడ్వకేట్-ఆన్-రికార్డ్ పరీక్ష: రెండు పేపర్లు రాసి వదిలేశాను, ఈసారి నాలుగు రోజులూ నిలబడడం ఎలా?

ప్రశ్న (గుంటూరు న్యాయవాది)

నమస్కారం. నేను గుంటూరు జిల్లా కోర్టులో ఆరేళ్లు, అమరావతి హైకోర్టులో మూడేళ్లు ప్రాక్టీసు చేశాను. ఆ తర్వాత ఢిల్లీ వచ్చి, పదేళ్లకు పైగా అనుభవమున్న ఒక అడ్వకేట్-ఆన్-రికార్డ్ (ఏఓఆర్, అంటే సుప్రీంకోర్టులో కేసులు దాఖలు చేసే అర్హత ఉన్న న్యాయవాది) దగ్గర ఏడాది శిక్షణ పూర్తిచేసి, కిందటిసారి సుప్రీంకోర్టు నిర్వహించే ఏఓఆర్ పరీక్షకు కూర్చున్నాను. మొదటి రోజు ప్రాక్టీస్ అండ్ ప్రొసీజర్ పేపరు తృప్తిగానే రాశాను. రెండో రోజు డ్రాఫ్టింగ్‌లో, అంటే ముసాయిదాల పేపరులో, స్పెషల్ లీవ్ పిటిషన్‌కే (ఎస్సెల్పీ, అప్పీలుకు సుప్రీంకోర్టు ప్రత్యేక అనుమతి కోరే పిటిషన్) సగానికి పైగా సమయం పోయింది. గ్రౌండ్స్ (తీర్పును సవాలు చేసే కారణాలు) ఒకటి రాస్తే ఇంకొకటి తోచి, పద్దెనిమిది దాకా రాశాను. చివరికి ట్రాన్స్‌ఫర్ పిటిషన్‌కు (కేసును మరో కోర్టుకు మార్చమని కోరేది) శీర్షిక, పార్టీల పేర్లు మాత్రమే రాయగలిగాను.

మూడో పేపరుకు మధ్యలో విరామం వచ్చింది. ఆ విరామమే నన్ను దెబ్బతీసింది. గదిలో కూర్చుని రాసిన ప్రతి ప్రశ్నకూ నాకు నేనే మార్కులు వేసుకుని, డ్రాఫ్టింగ్‌లో యాభై రావని తేల్చుకుని, మిగతా రెండు పేపర్లకు వెళ్లకుండా రైలెక్కి ఇంటికి వచ్చేశాను. ఒక్క పేపరు రాసినా, ఉన్న అయిదు అవకాశాల్లో ఒకటి ఖర్చయినట్టేనన్న నిబంధన అప్పటికే చదివి ఉన్నాను, కానీ ఆ రోజున అది గుర్తుకు రాలేదు.

నాకిప్పుడు ముప్పయ్యారేళ్లు. తొమ్మిదేళ్లుగా టైపిస్టుకు డిక్టేషన్ ఇవ్వడమే అలవాటు కావడంతో, గంట దాటితే కుడిచేయి బిగుసుకుపోతుంది. ఇంటర్ వరకు తెలుగు మీడియం. ఒక రోజు తగిలిన దెబ్బను మర్నాటికి మోసుకెళ్లకుండా ఉండడం ఎలా, మూడేసి గంటలు రాయడానికి చేతిని ఎలా సిద్ధం చేసుకోవాలి, ఇంగ్లీషులో వందల పేజీల తీర్పులు చదివి లీడింగ్ కేసెస్ (ముఖ్యమైన తీర్పుల) పేపరు రాయడం నావంటివారికి సాధ్యమేనా అన్నవి నా ప్రశ్నలు. రాసినవారు చెబితే కృతజ్ఞురాలిని.

జవాబు 1 (తిలక్ మార్గ్)

మేడమ్, మీరు గదిలో కూర్చుని వేసిన లెక్క గురించే ముందు చెబుతాను, ఎందుకంటే నాకు తెలిసి ఈ పరీక్షలో చాలామంది పోగొట్టుకునేది అక్కడే. నాలుగు పేపర్లు, ఒక్కోదానికి నూరు మార్కులు. ప్రతి పేపరులో యాభై రావాలి, మొత్తం మీద నాలుగు వందలకు రెండు వందల నలభై రావాలి. అంటే ప్రతి పేపరులో సరిగ్గా యాభై తెచ్చుకున్నవారు కూడా ఉత్తీర్ణులు కారు. ఒక పేపరులో యాభై రెండుతో బయటపడినా, ఆ లోటును పూడ్చవలసింది మిగతా పేపర్లే. మీరు వెళ్లని రెండు పేపర్లూ సరిగ్గా అలాంటివి. పైగా ఒక్క పేపరులోనే తప్పినవారికి, నిబంధనల్లోని షరతులకు లోబడి, తర్వాతి పరీక్షలో ఆ పేపరు ఒక్కటే రాసుకునే అవకాశం ఉంది. డ్రాఫ్టింగ్ నిజంగా పోయినా, మిగిలినవి రాసి ఉంటే ఆ దారి మీకు మిగిలి ఉండేది. మిమ్మల్ని నొప్పించాలని ఈ మాట అనడం లేదు. ఈసారి అలాంటి రాత్రి మళ్లీ వస్తే మీకు గుర్తుండాలని చెబుతున్నాను.

ఇక రెండోది, మన పేపరుకు మనం వేసుకునే మార్కులు నమ్మదగినవి కావు. నేను రెండో ప్రయత్నంలో గట్టెక్కాను. ఆ ఏడాది డ్రాఫ్టింగ్ పోయిందని నేను కూడా ఖాయం చేసుకున్నాను, ఫలితాల్లో అందులో 58 వచ్చాయి. బాగా రాశాననుకున్న మొదటి పేపరులో 53 మాత్రమే వచ్చాయి. హాలు బయట నిలబడి, నువ్వు ఆర్టికల్ 136 (ప్రత్యేక అనుమతి) కింద వేశావా, 133 (సివిల్ అప్పీలు) కింద వేశావా అని ఒకరినొకరు అడుక్కునే గుంపులోకి ఆ ఏడాది నేను వెళ్లలేదు. నేరుగా గదికి వచ్చి, అన్నం తిని, రెండు గంటలు పడుకుని, తర్వాతి పేపరు పుస్తకం తప్ప మరేదీ తెరవలేదు.

విరామంలో మూడో పేపరుకు, అంటే అడ్వకసీ, వృత్తి నియమాల పేపరుకు, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్ ఆరో భాగం రెండో అధ్యాయాన్ని చేతితో ఒకసారి పూర్తిగా రాసుకోండి. కోర్టు పట్ల, క్లయింటు పట్ల, ఎదుటి పక్షం పట్ల, తోటి న్యాయవాది పట్ల మన విధులన్నీ అక్కడున్నాయి. ఫీజు బాకీ పడ్డాడని క్లయింటు ఫైలు అట్టిపెట్టుకోవచ్చా అన్న ప్రశ్నకు ఆర్.డి.సక్సేనా (2000) కేసులో జవాబుంది: అట్టిపెట్టుకోకూడదు. కోర్టు ధిక్కారానికి శిక్షగా న్యాయవాది లైసెన్సును సుప్రీంకోర్టే సస్పెండ్ చేయగలదా అంటే, వినయ్ చంద్ర మిశ్రా (1995) కేసులో అలా సస్పెండ్ చేసినా, అలా చేయలేదని సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ (1998) కేసులో రాజ్యాంగ ధర్మాసనం సరిదిద్దింది. ఈ రెండూ కలిపి చదవాలి. తొమ్మిదేళ్లు జిల్లా కోర్టులో, హైకోర్టులో నిలబడిన మీకు ఈ పేపరు కొత్త కాదు, రోజూ చూసిన సంగతులకు సెక్షను, తీర్పు జోడించడమే మిగిలింది. నా మొత్తం మార్కులను నిలబెట్టింది ఈ పేపరే.

జవాబు 2 (ఖమ్మం నుంచి ఢిల్లీ)

నేను మొదటిసారి డ్రాఫ్టింగ్ ఒక్కదానిలోనే తప్పి, తర్వాతి ఏడాది దానిని మాత్రమే రాసినవాడిని కనుక ఆ పేపరు గురించి చెబుతాను.

పద్దెనిమిది గ్రౌండ్స్ మన హైకోర్టు అలవాటు. అక్కడ అప్పీలులో ఏదీ వదలకూడదని అన్నీ రాస్తాం. ఇక్కడ పేపరు దిద్దేవారు చూసేది, ఈ న్యాయవాది ఫైలు చేస్తే రిజిస్ట్రీ (కోర్టు కార్యాలయం) అభ్యంతరాలు లేకుండా నంబరు పడుతుందా అన్నది. సినాప్సిస్ (కేసు సారాంశం), తేదీల జాబితా, ఏ తీర్పుపై వస్తున్నాం, న్యాయపరమైన ప్రశ్నలేమిటి, గ్రౌండ్స్, మధ్యంతర ఉత్తర్వు ఎందుకు కావాలి, ప్రధాన ప్రేయర్ (కోర్టును కోరేది), మధ్యంతర ప్రేయర్, చివర సర్టిఫికెట్ అనే వరుస తప్పకూడదు. హైకోర్టు తీర్పు తేదీ నుంచి తొంభై రోజుల గడువు దాటినట్టు ప్రశ్నలోని తేదీలు చెబుతూ ఉంటే, ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తు గురించి ఒక్క వాక్యమైనా ఉండాలి. ప్రశ్నలో పత్రాలు ప్రాంతీయ భాషలో ఉన్నాయని కనిపిస్తే, అధికారిక అనువాదం దాఖలు నుంచి మినహాయింపు కోరే దరఖాస్తును ప్రస్తావించండి. మనవైపు నుంచి వచ్చే అమ్మకం దస్తావేజులు, సాక్షుల వాంగ్మూలాలు తెలుగులోనే ఉంటాయి కనుక ఈ దరఖాస్తు మీరు శిక్షణలో పదిసార్లయినా చూసి ఉంటారు. గ్రౌండ్స్ ఆరేడు చాలు, ఒక్కొక్కటి ఒక్కొక్క తప్పును పట్టుకోవాలి.

ట్రాన్స్‌ఫర్ పిటిషన్‌ను మీరు వదిలేయడం నాకు నిజంగా బాధ కలిగించింది, ఎందుకంటే తెలుగు న్యాయవాదికి అంతకంటే దగ్గరి ముసాయిదా లేదు. రెండు రాష్ట్రాలయ్యాక హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో భర్త వేసిన విడాకుల కేసును విజయవాడకు మార్చమని భార్య అడగాలంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 25 కింద ఇక్కడికే రావాలి. వేర్వేరు హైకోర్టుల పరిధిలోని కోర్టుల మధ్య కేసును మార్చే అధికారం సుప్రీంకోర్టుదేనని దుర్గేష్ శర్మ (2008) కేసులో చెప్పారు. క్రిమినల్ కేసయితే పాత కోడ్‌లోని సెక్షన్ 406 స్థానంలో ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 446 రాయాలి. చంటిబిడ్డ, సొంత సంపాదన లేకపోవడం, ప్రయాణ దూరం, అక్కడ తోడు వచ్చేవారు లేకపోవడం అనే నాలుగు విషయాలతో అరగంటలో పూర్తయ్యే పిటిషన్ ఇది. ఈసారి పేపరు చేతికి రాగానే చిన్న ముసాయిదాలు ముందు ముగించి, ఎస్సెల్పీని చివరికి పెట్టుకోండి.

చేతి సంగతి. నేను పరీక్షకు మూడు నెలల ముందు నుంచి ఆఫీసులో ప్రతి చిన్న దరఖాస్తునూ చేతితో రాసి, తర్వాతే టైపుకు ఇచ్చాను. మొదటి వారం ఇరవై నిమిషాలకే బొటనవేలి మొదట్లో నొప్పి వచ్చేది. వారానికొక ఆదివారం గడియారం పెట్టుకుని మూడు గంటలు కదలకుండా రాశాను. చివరి నెలలో శని, ఆదివారాలు రెండూ రాశాను, ఎందుకంటే మొదటి రోజు అలసిన చేయి రెండో ఉదయం ఎలా ఉంటుందో ఆదివారం ఒక్కరోజే రాస్తే తెలియదు. పెన్ను కూడా మార్చుకోవలసి వచ్చింది. గట్టిగా నొక్కితే తప్ప రాయని బాల్ పెన్ను మానేసి, తేలికగా జారే జెల్ పెన్నుకు అలవాటు పడ్డాను.

జవాబు 3 (తెలుగు మీడియం న్యాయవాది)

నేను పదో తరగతి వరకు జిల్లా పరిషత్ పాఠశాలలో చదివాను, లీడింగ్ కేసెస్ భయం నాకూ ఉండేది. మీ మూడో ప్రశ్నకు మాత్రమే సమాధానం చెబుతాను.

ఇచ్చిన జాబితాలోని తీర్పులన్నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదవాలనుకుంటే రాజ్యాంగ మౌలిక స్వరూపం గురించిన కేశవానంద భారతి (1973) కేసు దగ్గరే రోజులు గడిచిపోతాయి. పదముగ్గురు న్యాయమూర్తులు, ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు. అక్కడ ముందు తెలియవలసింది ఎవరు ఏ వైపు ఉన్నారు, ఆ ఏడుగురి మాటల్లో ఉమ్మడిగా తేలిందేమిటి అన్నదే. నేను ప్రతి కేసుకూ ఒక పేజీ తెలుగులో రాసుకున్నాను. ఏం జరిగింది, ఏ ప్రశ్న వచ్చింది, ఏం తేల్చారు, ఎందుకు తేల్చారు. తెలుగులో ఆ ‘ఎందుకు’ రాయలేకపోతే తీర్పు నాకు అర్థం కానట్టేనని తెలిసిపోయేది, మళ్లీ తీర్పు తెరిచేవాణ్ణి. అర్థమయ్యాకనే దానికి ఇంగ్లీషులో అయిదారు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. పరీక్షలో వాడింది ఆ ఇంగ్లీషు వాక్యాలే అయినా, వాటిని గుర్తుంచింది తెలుగు పేజీ.

కొన్ని కేసులు మనకు ముందే సగం తెలిసినవి. ట్రిబ్యునళ్లు ఎన్ని వచ్చినా హైకోర్టు న్యాయసమీక్ష అధికారాన్ని తీసివేయలేరని ఎల్.చంద్రకుమార్ (1997) కేసులో ఏడుగురు న్యాయమూర్తులు చెప్పారు. అంతకు ముందే, 1993లో, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ సకినాల హరినాథ్ కేసులో ఆర్టికల్ 323-ఎ లో హైకోర్టు అధికారాన్ని తొలగించే నిబంధన చెల్లదని తేల్చింది. సుప్రీంకోర్టు విన్న అప్పీళ్లలో ఆ తీర్పు మీద వచ్చినదీ ఉంది. హైదరాబాద్ సర్వీసు కేసుల్లో ఆ పేరు విన్న పెద్దల దగ్గర కూర్చుని అడిగితే, వారు చెప్పే పది నిమిషాల కథ మీకు పరీక్ష హాలులో తప్పక గుర్తుకొస్తుంది.

గుంటూరు న్యాయవాది

ముగ్గురికీ నమస్కారాలు. ఈ ఆదివారం నుంచే గడియారం పెట్టుకుని రాస్తాను, మొదట సెక్షన్ 25 పిటిషన్ రాస్తాను. ఖమ్మం వారిని ఒక్క సంగతి అడగాలి. ఉత్తీర్ణులయ్యాక సుప్రీంకోర్టుకు పదహారు కిలోమీటర్ల లోపు ఆఫీసు ఉండాలి, నెలలోపు రిజిస్టర్డ్ క్లర్కును పెట్టుకుంటానని హామీ ఇవ్వాలి కదా. గుంటూరు వదలలేని నావంటివారు ఏం చేస్తున్నారు?

జవాబు 2 (ఖమ్మం నుంచి ఢిల్లీ)

గుంటూరు ఆఫీసు అలాగే ఉంచుకోండి, కానీ ఇక్కడి ఆఫీసు పేరుకు మాత్రమే ఉండకూడదు. కేసుతో సంబంధం లేకుండా సంతకం మాత్రమే పెట్టే ఏఓఆర్‌ను సుప్రీంకోర్టు 2013లో ఎంత తీవ్రంగా గర్హించిందో మూడో పేపరుకు మీరే చదువుతారు. నేను జంగ్‌పురాలో మరో ఇద్దరు మిత్రులతో కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాను, నెలలో ఎక్కువ రోజులు ఇక్కడే ఉంటాను. మయూర్ విహార్‌లో కూడా అలా కలిసి ఉంటున్న మనవాళ్లు ఉన్నారు. పరీక్ష అయ్యాక రాయండి, గది వెతకడానికి నేను తోడు వస్తాను.